ఆఫ్రికాలో ఐటీ నిజంగా పనిచేసిందా? కెన్యాలో నేను చూసినంత చెబుతాను

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. ఆఫ్రికా దేశాల్లో ఐటీ వల్ల జనం బతుకులు నిజంగా మారాయా, లేక అంతా ప్రచారమేనా అన్నది ఒకటి. మీ కంపెనీ ఏడాదిన్నర పాటు నైరోబీ ప్రాజెక్టుకి పంపుతోంది కాబట్టి వెళ్లేముందు ఏం తెలుసుకోవాలన్నది రెండోది. మొదటిదానికే ఎక్కువ రాస్తాను. అది అర్థమైతే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే.

నేను 2008 అక్టోబర్‌లో నైరోబీ వెళ్లి 2017 దాకా ఉన్నాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలై, తర్వాత ఫోన్ డబ్బుని బ్యాంకులకీ, అక్కడ సాకోలు అనే పొదుపు సంఘాలకీ కలిపే పనిలో పడ్డాను. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. నేను పనిచేసింది కెన్యాలో, అప్పుడప్పుడు ఉగాండా, టాంజానియాల్లో. కాబట్టి కెన్యా గురించే గట్టిగా మాట్లాడతాను. “ఆఫ్రికాలో ఇలా ఉంటుందండీ” అని ఎవరైనా మొదలుపెడితే, ఏ దేశమో ముందు అడగండి.

నా జవాబు: మారాయి. కాకపోతే ఫోన్ ఎంత పనిచేసిందో, ఫోన్ పక్కనున్న చిల్లర కొట్టు కూడా అంత పనిచేసింది. పత్రికలవాళ్లు ఫోన్ గురించి రాసినంతగా కొట్టు గురించి రాయరు.

ఫోన్ నుంచి ఫోన్‌కి డబ్బు పంపుకునే ఎంపెసా పేరు వినే ఉంటారు. స్వాహిలీలో పెసా అంటే డబ్బు. మన పైసాయే ఓడెక్కి అక్కడ దిగిందని అంటారు. సఫారీకామ్ అనే టెలికాం కంపెనీ దీన్ని 2007 మార్చిలో మొదలుపెట్టింది. అసలు ఆలోచన మాత్రం వేరు. వోడాఫోన్‌లో పనిచేసే నిక్ హ్యూస్, సూసీ లోనీ అనే ఇద్దరు, బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన నిధులతో 2005లో నైరోబీలోనూ పక్కనున్న థికాలోనూ ఒక ప్రయోగం చేశారు. చిన్న అప్పులు తీసుకున్నవాళ్లు వాయిదాలు ఫోన్‌లో కట్టుకునే ఏర్పాటు అది. ఎనిమిది కొట్లు, ఐదు వందల మందిలోపు ఖాతాదారులు. వాయిదాల మాట అటుంచి, చేతికి అందిన ఆ ఏర్పాటుతో జనం తమకి కావలసిన పనులు మొదలుపెట్టారు. ఒకరికొకరు డబ్బు పంపుకున్నారు. బస్సెక్కే ముందు ఈ ఊళ్లో వేసి, దిగాక ఆ ఊళ్లో తీసుకున్నారు. కంపెనీవాళ్లు అది గమనించి, వాయిదాల ఆలోచన పక్కన పెట్టి, “ఇంటికి డబ్బు పంపండి” అన్న ఒక్క మాటతో జనంలోకి వెళ్లారు. ఏడాది తిరక్కుండానే పది లక్షల మంది చేరారు.

ఆ మాట ఎందుకంత తగిలిందో నైరోబీలో నాలుగు రోజులుంటే తెలుస్తుంది. అక్కడ కాపలా పని, కట్టడం పని, ఇంటి పని చేసేవాళ్లలో చాలామందికి తల్లిదండ్రులో భార్యాబిడ్డలో ఊళ్లోనే ఉంటారు. సొంతూరిని ఉషాగో అంటారు, మనం “మా ఊరు” అన్నంత ఆపేక్షగా. 2007కి ముందు డబ్బు ఇంటికి వెళ్లడమంటే, కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికివ్వడం, లేదా ఊరెళ్లే చుట్టం జేబులో పెట్టడం. దారిలో కొంత తగ్గేది, ఒక్కోసారి కవరే చేరేది కాదు. ఫోన్ బ్యాలెన్సు పంపితే ఊళ్లోవాళ్లు దాన్ని కొట్లో అమ్మి డబ్బు చేసుకోవడం కూడా ఉండేది. అంటే అవసరం ముందే ఉంది, తిప్పలు పడి తీర్చుకుంటున్నారు. మన మనియార్డరు రోజులు గుర్తున్నవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి వేలిముద్ర వేయించుకుని, నోట్లు లెక్కపెట్టి ఇస్తే గానీ మా నాయనమ్మకి మా బాబాయి బాగున్నట్టు నమ్మకం కుదిరేది కాదు.

ఇక కొట్టు సంగతి. 2009లో పని మీద సియాయా వైపు వెళ్లాను. విక్టోరియా సరస్సుకి దగ్గర. మట్టిరోడ్డు పక్కన ఆకుపచ్చ రంగు వేసిన రేకుల కొట్టు. లోపల సబ్బు ముక్కలు, మొక్కజొన్న పిండి ప్యాకెట్లు, గరిటె లెక్కన అమ్మే వంటనూనె. కౌంటర్ మీద ఒక గళ్ల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. తేదీ, పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఎంత సొమ్ము, సంతకం. కొట్టావిడ చేతిలో ఉన్నది మామూలు నోకియా ఫోన్. టెక్నాలజీ అంతా అంతే.

అది పనిచేసే తీరు చూడండి. ఏజెంటు, అంటే కొట్టావిడ, ముందుగా బ్యాంకులో డబ్బు కట్టి, అంత విలువైన ఫోన్ డబ్బు తన ఖాతాలో వేయించుకుంటుంది. దీన్ని ఫ్లోట్ అంటారు. మీరు వెయ్యి షిల్లింగుల నోటు ఇస్తే, ఆవిడ ఫ్లోట్‌లోంచి వెయ్యి మీ ఫోన్‌లోకి వెళ్తుంది, నోటు ఆవిడ గల్లాలోకి వెళ్తుంది. మీరు డబ్బు తీసుకుంటే దానికి తిరగేసి. రెండిటికీ ఆవిడకి కమీషన్ వస్తుంది. చెప్పడానికి తేలిక. కానీ పట్నంలో అందరూ వేసేవాళ్లే, పల్లెలో అందరూ తీసేవాళ్లే. పట్నం కొట్లో మధ్యాహ్నానికి ఫ్లోట్ అయిపోయి నోట్లు పేరుకుంటాయి. పల్లె కొట్లో నోట్లు అయిపోయి ఫ్లోట్ మిగులుతుంది. ఎవరో ఒకరు రోజూ ఈ రెంటినీ సరిచెయ్యాలి. సియాయా కొట్టావిడ నెల మొదటి వారంలో రోజు విడిచి రోజు కొట్టు మూసి, మటాటూ ఎక్కి (అది అక్కడి సర్వీసు వ్యాను) పట్నంలో బ్యాంకుకి వెళ్లి, నోట్లు తెచ్చుకునేది. పోనూ రానూ మూడు గంటలు. నడుముకి కట్టుకున్న గుడ్డలో డబ్బు. దారిలో ఎవరైనా పసిగడతారేమోనని టెన్షన్. ఆవిడ తిరిగొచ్చేదాకా అరుగు మీద ఏడెనిమిది మంది ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. మెసేజ్‌లో డబ్బుంది, చేతిలో లేదు.

2015 దాకా ఎంపెసా సర్వర్లు జర్మనీలో ఉండేవి. పక్క పక్క ఊళ్ల మధ్య ఐదు వందల షిల్లింగులు పోవాలంటే ఆ లెక్క యూరప్ వెళ్లి రావాల్సిందే. అది మాత్రం క్షణాల్లో అయిపోయేది. ఆలస్యమంతా మటాటూ దగ్గరే.

ప్రభుత్వం పాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. కెన్యా కేంద్ర బ్యాంకు టెలికాం కంపెనీని బ్యాంకు లైసెన్సు అడగలేదు. అభ్యంతరం లేదని ఉత్తరం ఇచ్చి, జనం డబ్బంతా విడిగా ఒక ట్రస్టు ఖాతాలో ఉండాలని, కంపెనీ దాన్ని ముట్టుకోకూడదని షరతు పెట్టింది. 2008 చివర్లో బ్యాంకులు గోల చేస్తే ఆర్థిక మంత్రి తనిఖీకి ఆదేశించారు. తర్వాతి నెలలో, ప్రమాదం ఏమీ లేదని తేల్చారు. నేను కొత్తగా వెళ్లిన రోజులవి. ఆఫీసులో ఇది మూసేస్తారనే పందెం కాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఓడిపోయాను.

మరి బతుకులు మారాయని ఎలా చెప్పగలను? తవ్నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి అవే కుటుంబాలని మళ్లీ మళ్లీ కలిసి లెక్కలు తీశారు. 2014లో వచ్చిన వాళ్ల పేపర్ నాకు ఎక్కువ నచ్చుతుంది. జబ్బు చేసినా, పంట పోయినా, ఉద్యోగం ఊడినా ఎంపెసా లేని ఇళ్లలో తిండికీ మిగతా అవసరాలకీ పెట్టే ఖర్చు 7 శాతం పడిపోయింది, ఎంపెసా ఉన్న ఇళ్లలో పడలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కష్టమొచ్చిన రోజునే నలుగురు చుట్టాలు తలా కాస్త పంపగలిగారు. 2016లో వచ్చిన రెండో పేపర్‌లో, 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యాలో 2 శాతం ఇళ్లు, దీనివల్ల పేదరికం నుంచి బయటపడ్డాయన్నారు. 1,85,000 మంది ఆడవాళ్లు పొలం పని వదిలి చిన్న వ్యాపారాల్లోకి వచ్చారని కూడా అందులో ఉంది. ఈ రెండో లెక్కని తప్పుబట్టిన పండితులున్నారు. నేను మధ్యలో దూరను. కానీ సూరి, జాక్ కొలత పెట్టింది ఇంటి దగ్గర్లో ఏజెంట్లు ఎంతమంది పెరిగారన్న దాని మీద. అంటే మళ్లీ కొట్టు లెక్కే. ఇంకో సంఖ్య: కెన్యాలో బ్యాంకో, ఎంపెసాయో, ఏదో ఒక నియమబద్ధమైన ఆర్థిక సేవ వాడే పెద్దవాళ్లు 2006లో నూటికి 27 మంది, 2021కి 84 మంది.

ఇప్పుడు మేం బోల్తా పడిన కథ. కెరిచో వైపు తేయాకు రైతుల పొదుపు సంఘం ఒకటి మా క్లయింట్. రైతు రోజూ ఆకు కోసి కేంద్రానికి తెస్తే తూకం వేస్తారు, నెలాఖరున లెక్క కడతారు. మన పాలకేంద్రంలో వెన్న శాతం చూసి చీటీ ఇచ్చినట్టే. మేం 2013లో స్మార్ట్‌ఫోన్ యాప్ చేశాం. ఆకు బరువు, అప్పు, పొదుపు అన్నీ గ్రాఫులతో. నైరోబీలో డెమో చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కెరిచోలో ఆరు నెలల్లో యాప్ తెరిచినవాళ్లు సంఘం ఉద్యోగులు, వాళ్ల పిల్లలు.

ఎందుకని చూడ్డానికి నేనే వెళ్లాను. తూకం దగ్గర ఒక పెద్దాయన ఫోన్ తీశాడు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంది. బ్యాటరీ విడిగా ఇంకో జేబులో ఉంది. ఛార్జింగ్ దిగిపోకుండా ఊడదీసి పెట్టుకుంటాడట. ఇంట్లో కరెంటు లేదు, బజార్లో ఛార్జింగ్‌కి ఇరవై షిల్లింగులు. రోజుకోసారి బ్యాటరీ పెట్టి, మెసేజ్‌లు చూసుకుని, మళ్లీ తీసేస్తాడు. ఈయనకి మేం గ్రాఫులు చేశాం! చివరికి యాప్ అటకెక్కించి, తూకం కాటాకి చిన్న ప్రింటర్ తగిలించాం. ఒక కాగితం చీటీ, ఒక ఎస్సెమ్మెస్. రైతులు రెండూ పక్కపక్కన పెట్టి అంకెలు సరిపోయాయో లేదో చూసుకునేవాళ్లు. మొదటి నెలలోనే కాటా దగ్గర ఒక గుమాస్తా బరువు తగ్గించి రాస్తున్నాడని అలాగే బయటపడింది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, దానికీ జవాబు ఎంపెసా మీదే నిలబడింది. ఆ నిక్ హ్యూస్ తర్వాత ఇంకొందరితో కలిసి ఎం-కోపా అనే కంపెనీ పెట్టాడు. చిన్న సోలార్ పలక, రెండు మూడు బల్బులు, ఫోన్ ఛార్జర్. అప్పట్లో ముందు కొంత కట్టి, తర్వాత రోజుకి 40 షిల్లింగుల చొప్పున ఏడాది పాటు ఫోన్‌లో కట్టాల్సి వచ్చేది. పెట్టెలో సిమ్ ఉండేది, కట్టకపోతే దీపం వెలిగేది కాదు. కిరసనాయిలుకి పెట్టే డబ్బే ఇటు తిరిగింది. నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చినది ఇదే.

అప్పుల సంగతి మాత్రం నాకు మింగుడు పడదు, అందులో మా చెయ్యి కూడా కొంత ఉంది కాబట్టి. 2012 నవంబర్‌లో ఎం-శ్వారి వచ్చింది. పొదుపూ అప్పూ రెండూ ఫోన్‌లోనే. నెల రోజుల అప్పుకి 7.5 శాతం రుసుము. దాన్ని వడ్డీ అనరు. పన్నెండు నెలలకి లెక్కేసుకోండి, 90 శాతం. అయినా వీధిలో వడ్డీవ్యాపారి కంటే నయమని జనం తీసుకున్నారు, అందులో అబద్ధం లేదు. దాని వెనకే పుట్టగొడుగుల్లా యాప్‌లొచ్చాయి. అప్పు కట్టకపోతే ఫోన్‌లో ఉన్న పేర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసేవాళ్లు. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల గొడవ గుర్తుందిగా, అచ్చం అదే. కెన్యా కేంద్ర బ్యాంకు 2022లో గానీ లైసెన్సు నిబంధనలు తేలేదు. క్రికెట్ బెట్టింగ్‌లాగా అక్కడ ఫుట్‌బాల్ బెట్టింగ్. దానికి డబ్బు కట్టడం కూడా మూడు మీటలు నొక్కినంత తేలికైపోయింది. మా ఆఫీసు డ్రైవరు కూతురి ఫీజు డబ్బు ఒక శనివారం సాయంత్రం అలా పోగొట్టుకున్నాడు. డబ్బు తేలిగ్గా కదిలే దారి వేస్తే, అది మంచికే కదలాలని ఎక్కడా లేదు.

పెద్ద హడావుడితో వచ్చి నిలబడనివీ ఉన్నాయి. మటాటూల్లో నోట్లు లేకుండా కార్డుతో చార్జీ కట్టాలని 2014లో ప్రభుత్వం పట్టుబట్టింది. గూగుల్ కూడా ఒక బ్యాంకుతో కలిసి బెబాపే అని కార్డు తెచ్చింది. 2015కి మూసేశారు. కారణం టెక్నాలజీ కాదు. కండక్టరుకీ డ్రైవరుకీ ఆ రోజు కూలి, దారి ఖర్చులు, చేతులు తడపడాలు అన్నీ ఆ నోట్లలోంచే. కార్డు పెడితే డబ్బు నేరుగా ఓనరుకి పోతుంది. వాళ్లెందుకు మిషన్ పనిచేయనిస్తారు? అదే కండక్టర్లు ఇప్పుడు తమ ఫోన్‌కి ఎంపెసా కొట్టమంటే సంతోషంగా తీసుకుంటారు. ఒకటో తరగతి పిల్లలకి లాప్‌టాప్‌లన్న 2013 ఎన్నికల వాగ్దానం కూడా ఇదే బాపతు. 2016కి ట్యాబ్లెట్లుగా మారి బడులకి చేరింది. నేను చూసిన ఒక బడిలో అవి హెడ్మాస్టరు గది బీరువాలో తాళం వేసి ఉన్నాయి. పోతే ఆయన జీతంలోంచి పట్టుకుంటారని భయం.

కెన్యాలో పండిందే పక్క దేశంలో ఎందుకు పండలేదని అడగొచ్చు. దక్షిణాఫ్రికాలో బ్యాంకులు అప్పటికే పాతుకుపోయాయి, ఎంపెసా 2016లో దుకాణం కట్టేసింది. నైజీరియాలో చాలాకాలం టెలికాం కంపెనీలని ఈ వ్యాపారంలోకి రానివ్వలేదు. ఇథియోపియాలో 2022 దాకా ప్రభుత్వ టెలికాం తప్ప ఇంకొకటి ఉండేది కాదు, దాని ఫోన్ డబ్బు సేవ టెలీబిర్ 2021లో గానీ మొదలవలేదు. ఉగాండా 2018లో ఫోన్ డబ్బు మీద 1 శాతం పన్ను వేసింది. జనం మళ్లీ నోట్లకి మళ్లుతుంటే, డబ్బు తీసుకునేటప్పుడు మాత్రమే అర శాతమని తగ్గించుకుంది. కామెరూన్ 2017లో ఇంగ్లీషు మాట్లాడే ప్రాంతాలకి 93 రోజులు ఇంటర్నెట్ కట్టేసింది. బుయా పట్నంలోని కుర్ర ప్రోగ్రామర్లు సిగ్నల్ అందే బొనాకో అనే పల్లెకి లాప్‌టాప్‌లు మోసుకెళ్లి పనిచేసుకున్నారు.

మన దగ్గరా ఇదే ఎంపెసా 2013లో వోడాఫోన్ తెచ్చింది, 2019లో ముగిసింది. మన దారి వేరు. 2014 నుంచి జన్‌ధన్ ఖాతాలు తెరిచి, 2016లో యూపీఐ తెచ్చి, అందరినీ ముందు బ్యాంకులోకి లాగారు. కెన్యాలో బ్యాంకు గుమ్మం తొక్కకుండానే పని జరిగింది. కాకపోతే ఫోన్‌పేలో పది రూపాయలు ఉచితంగా కొట్టే మనకి, అక్కడ పంపినప్పుడూ తీసినప్పుడూ చార్జీ, ఆ చార్జీ మీద 15 శాతం సుంకం చూస్తే మొదటి నెల ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. కుర్రాళ్ల నైపుణ్యం గురించి సందేహం పెట్టుకోకండి. 2009లో సముద్రగర్భ కేబుళ్లు మొంబాసా చేరాక తయారైన తరం అది. అంతకుముందు మేం శాటిలైట్ లింకు మీద, ప్రతి మీట నొక్కుడికీ అర సెకను ఆగుతూ పనిచేశాం. వాళ్లకి ఆ కథలు చెబితే నవ్వుతారు. “మేం ఇండియా నుంచి వచ్చాం, చూపిస్తాం” అనే ధోరణి మాత్రం విమానాశ్రయంలోనే వదిలెయ్యండి.

దిగిన రోజే పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుని ఎంపెసా తెరిపించుకోండి. “పొరపాటున మీకు పంపాను, తిరిగి పంపండి” అని ఫోనొస్తే ఒక్క పైసా పంపకండి, ముందు మీ బ్యాలెన్సు చూసుకోండి. నిజంగా పొరపాటైతే పంపినాయన తన మెసేజ్‌ని 456కి ఫార్వర్డ్ చేసుకుంటే సరిపోతుంది. మొదటి వారంలో ఒక పూట ఏదైనా ఏజెంటు కొట్టు ముందు ఊరికే నిలబడండి. మీ ప్రాజెక్టు ఏ రంగంలోనో రాయలేదు గానీ, ఏదైనా సరే స్టార్ కొట్టి హాష్ నొక్కే మెనూలో నడవని ఫీచర్‌ని మొదటి విడతలో పెట్టొద్దని నా సలహా.

స్వాహిలీ కొంచెం నేర్చుకోండి, ముఖ్యంగా గడియారం. వాళ్ల గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క. మన ఏడు గంటలు వాళ్లకి ఒకటో గంట. కెరిచోలో రైతులకి ట్రైనింగ్ పెట్టి, పొద్దున 8కి రమ్మని స్వాహిలీలో ఎస్సెమ్మెస్ పంపమన్నాను. మా టీమ్‌లో కొత్తగా వచ్చిన మనవాడొకడు అంకెని నిఘంటువులో చూసి “సా నానే”, అంటే ఎనిమిదో గంట అని పెట్టేశాడు. మేం పొద్దున్నే కుర్చీలు వేసి, టీ ఫ్లాస్కులు పెట్టుకుని కూర్చున్నాం. మూడు వందల మంది రైతులు చెప్పిన టైముకి సరిగ్గా వచ్చారు, మధ్యాహ్నం రెండింటికి.